షాఫ్టుల పని బయటికి ఇవ్వాలా, మన లేత్ మీదే చేసుకోవాలా?

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
అందరికీ నమస్కారం. అనంతపురం పక్కనే మాకు చిన్న యూనిట్ ఉంది. ట్రాక్టర్ వెనక తిరిగే కడ్డీతో (పీటీఓ) నడిచే వేరుశనగ నూర్పిడి మిషన్లు తయారు చేస్తాం. ఏడాదికి 120 దాకా పోతాయి. చాసిస్, డ్రమ్ము, జల్లెడలు, బ్లోయర్ డొక్కు అంతా మా షెడ్డులోనే. బేరింగులు, బెల్టులు, టైర్లు కొంటాం.

ఒక్కో మిషన్‌కు మూడు షాఫ్టులు కావాలి. డ్రమ్ షాఫ్ట్ మీటరున్నర పొడవు, 50 ఎంఎం. బ్లోయర్ షాఫ్ట్, ఇన్‌పుట్ షాఫ్ట్ రెండూ అర మీటరు లోపే. ఇన్‌పుట్ షాఫ్ట్ కొసకు ఆరు స్ప్లైన్లు (పొడవాటి పళ్లు) ఇప్పటికే బయట కోయిస్తున్నాం. మిగతా తిప్పుడు పనంతా మా రెండు లేతుల మీదే.

ఇప్పుడు సంగతేమంటే మా పెద్ద టర్నర్‌కు వయసైపోతోంది. కింద పని నేర్చుకున్న కుర్రాళ్లు చేయి తిరగ్గానే పెనుకొండ వైపు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలకు పోతున్నారు. హిందూపురంలో ఒక జాబ్ వర్క్ షాపు వాళ్లు రేటు చెప్పారు. స్టీలు మనది, మూడు షాఫ్టుల సెట్టు తిప్పినందుకు కూలి 1,350. మా పుస్తకాల్లో అదే సెట్టు 1,900 పడుతోంది. సెట్టుకు 550 చొప్పున 120 మిషన్లకు 66,000 మిగులుతుంది, లేతులు అమ్మితే ఇంకొంత వస్తుంది, ఇచ్చేద్దాం అని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

గుత్తి వెల్డింగ్
550 తేడా ఉంటే ఆలోచించేదేముందన్నా? టర్నర్ల కోసం వెతుక్కునే బాధ కూడా పోతుంది. ఇచ్చేయండి.

ఆడిటర్ అక్క
ఆ 1,900లో ఏమేం కలిపారో విడదీసి చెప్పండి. అది తెలియకుండా 550 అనే మాటకు అర్థం లేదు.

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
అక్కా, టర్నర్, హెల్పర్ జీతాల్లో ఈ పనికి పట్టే వాటా 900. కరెంటు, ఇన్సర్టులు, కూలెంట్, చిన్న రిపేర్లు 250. షెడ్డు అద్దె, లేత్ లోను, ఆఫీసు ఖర్చుల్లో వాటా 750. మొత్తం 1,900.

ఆడిటర్ అక్క
పని బయటికి పోయిన మరుసటి నెల షెడ్డు ఓనరు అద్దె తగ్గిస్తాడా? లోను కంతు ఆగుతుందా? ఆఫీసు గుమాస్తా జీతం తగ్గుతుందా? ఏదీ ఆగదు. అంటే ఆ 750 మీరు షాఫ్టులు చేసినా చేయకపోయినా కట్టేదే. నిజంగా ఆగేది 900, 250. కలిపితే 1,150. దాన్ని 1,350తో పోల్చండి. సెట్టుకు 200 ఎక్కువే ఇస్తున్నారు. 120 సెట్లకు 24,000 చేతి నుంచి పోతుంది. హిందూపురం పోను రాను బండి ఖర్చు ఇంకా కలపలేదు.

ఆ 900 కూడా పూర్తిగా ఆగుతుందని నమ్మకం లేదు. టర్నర్ పుల్లీలు, రిపేర్లు కూడా చూస్తుంటాడు కదా? ఆయన్ను ఉంచుకుంటే జీతం మొత్తం ఇవ్వాల్సిందే.

జీఎస్టీ వైపు నుంచి ఇంకో సంగతి, ఇది చాలామంది చూసుకోరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నూర్పిడి యంత్రాల మీద పన్ను 12 శాతం నుంచి 5కు తగ్గింది. మీరు కొనే స్టీలు మాత్రం 18 శాతంలోనే ఉంది. కొనేటప్పుడు ఎక్కువ కట్టి, అమ్మేటప్పుడు తక్కువ వసూలు చేస్తున్నారు. కొనేటప్పుడు కట్టి, ఇంకా వాడుకోకుండా మిగిలిపోయిన పన్నుకు (క్రెడిట్) రిఫండ్ అడగొచ్చు. కానీ రిఫండ్ లెక్కలో సరుకుల మీద కట్టిన పన్నునే తీసుకుంటారు, సేవల మీద కట్టింది తీసుకోరు. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ పద్ధతి సరైనదేనని తీర్పు ఇచ్చింది. జాబ్ వర్క్ కూలి సేవ కిందికి వస్తుంది. మీ తరహా పనికి 2025 సెప్టెంబరు 22 నుంచే 18 శాతం. 1,350 మీద 243. అందులో చాలా భాగం మీ లెడ్జర్‌లో పేరుకుపోయే ప్రమాదం ఉంది. అలాకాకుండా స్టీలు కూడా వాళ్లే కొని, తయారైన షాఫ్టును మీకు అమ్మితే అది సరుకు అవుతుంది, రిఫండ్ లెక్కలోకి వస్తుంది. రెండు పద్ధతుల్లోనూ రేటు అడిగి తీసుకుని మీ ఆడిటర్ ముందు పెట్టండి.

గుత్తి వెల్డింగ్
ఈ కోణం నాకు తెలియదక్కా. మా బకెట్ల పౌడర్ కోటింగ్ కూడా జాబ్ వర్కే. ఈ నెలలోనే చూపించుకుంటాను.

తూమకుంట టర్నింగ్
నేను హిందూపురం వైపు జాబ్ షాపు నడుపుతాను. మీకు రేటు ఇచ్చింది మేము కాదు, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

మొదట అడగాల్సింది, ఆ 1,350 ఎన్ని సెట్లకు? నూరు సెట్లు ఒకేసారి పెడితే వచ్చే రేటు, పది సెట్లకు రాదు. మిషన్ సెట్టింగ్‌కు పట్టే టైము పదికైనా నూటికైనా ఒకటే.

రెండోది, మీ డ్రమ్ షాఫ్ట్ మీటరున్నర. మా ఏరియాలో జాబ్ వర్క్‌కు పెట్టుకున్న సీఎన్‌సీల్లో (కంప్యూటర్‌తో నడిచే లేతుల్లో) ఎక్కువ వాటికి అర మీటరు దాటితే పట్టదు. పొడుగు షాఫ్టు వస్తే మేమైనా ఏం చేస్తాం? పెద్ద బెడ్ లేత్ ఉన్నవాడికి పంపుతాం. అంటే మీ పని రెండో చేతికి పోతుంది, అక్కడ తిప్పేది కూడా మీ దగ్గరున్నలాంటి మామూలు లేత్ మీదే. అందుకే 'ఈ షాఫ్టు ఏ మిషన్ మీద తిప్పుతారు, నేను వచ్చి చూడొచ్చా' అని అడగండి. చూపిస్తానన్నవాడికే ఇవ్వండి. పొట్టి షాఫ్టులు రెండూ సీఎన్‌సీకి చక్కగా సరిపోతాయి, కొలత కూడా ప్రతి ముక్కకూ ఒకేలా వస్తుంది.

మూడోది మీకు నచ్చకపోవచ్చు. మా మిషన్లు నడిచేదే కార్ల ఆర్డర్ల మీద. కియా 2019లో ఎర్రమంచిలో బండ్లు తీయడం మొదలుపెట్టాక ఈ చుట్టుపక్కల జాబ్ షాపుల తీరే మారింది. ప్రతి నెలా షెడ్యూలు వస్తుంది, ఒక్క రోజు ఆలస్యమైనా ఫోన్లు మోగుతాయి. మీ ఆర్డరు ఆగస్టులో వస్తే ఆ వరుసలో వెనకే నిలబడుతుంది. ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఇచ్చి 'మీకు ఖాళీ దొరికినప్పుడు చేసుకోండి, మే ఆఖరుకు కావాలి' అంటే నేనే రేటు తగ్గించి చేస్తాను.

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
మార్చిలో చేయించుకుంటే సెప్టెంబరు దాకా స్టీల్లో డబ్బు ఇరుక్కుపోతుంది కదన్నా. మాకు అమ్మకాలు ఖరీఫ్ కోతల ముందే. రబీకి మార్చి, ఏప్రిల్‌లో కొద్దిగా ఉంటాయి.

తూమకుంట టర్నింగ్
ఇరుక్కుంటుంది. అందుకే అన్నీ వద్దు, కొన్ని చాలు.

వర్క్‌షాప్ మాస్టారు
నేను ఐటీఐలో చాలా ఏళ్లు టర్నింగ్ చెప్పాను. ఒక ప్రశ్న. ఈ మూడు షాఫ్టులకు డ్రాయింగులు ఉన్నాయా?

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
లేవు సార్. నమూనా షాఫ్ట్ ఒకటి గోడకు తగిలించి ఉంటుంది. పెద్దాయన దాన్ని చూసి తిప్పుతారు. ఆయనకు నమూనా కూడా అక్కర్లేదు.

వర్క్‌షాప్ మాస్టారు
అయితే మీరు బయటికి ఇచ్చేది షాఫ్టు పని ఒక్కటే కాదు బాబూ. ఆయన తలలో ఉన్నదంతా కాగితం మీదికి రాకుండా ఇస్తే అది మధ్యలోనే జారిపోతుంది.

బేరింగ్ కూర్చునే చోట 50 ఎంఎం అని మాత్రమే రాస్తే వాడు 49.90 తిప్పి 'యాభై కదా' అంటాడు. హెచ్7 అని రాస్తే 50.000కూ 49.975కూ మధ్యలో ఉండాలి, అంటే 25 మైక్రాన్ల లోపు. లోపలి రింగ్ షాఫ్టు మీద జారి అరగకుండా ఉండాలంటే ఈ అంకె కాగితం మీద ఉండాల్సిందే. కీ కూర్చునే గాడి (కీవే) 14 వెడల్పు, కీ మందం 9 అని రాయాలి. ఇంకోటి, షాఫ్టు మందం మారే మెట్టు దగ్గర మూల. మీ పెద్దాయన టూలు కొసను కొద్దిగా గుండ్రంగా రుబ్బుకుని అక్కడ చిన్న రేడియస్ వదులుతుంటారు, నాకు చూడకుండానే తెలుసు. ఆ తరం టర్నర్లందరూ అంతే. డ్రాయింగులో ఆ రేడియస్ లేకపోతే బయటివాడు మూలను పదునుగా, నిలువుగా కోసేస్తాడు. చూడ్డానికి అందంగా ఉంటుంది. డ్రమ్ముకు లోడు పడీ పడీ రెండో సీజన్‌లో సరిగ్గా అక్కడే పగులు మొదలవుతుంది.

స్టీలు విషయానికొస్తే, ఇలాంటి షాఫ్టులకు వాడే రకం ఈఎన్‌8 అంటే కార్బన్ 0.36 నుంచి 0.44 శాతం. మామూలు ఎంఎస్ రాడ్డు తిప్పి పాలిష్ చేస్తే కంటికి తేడా తెలియదు. స్టీలు వాళ్లే కొనే పద్ధతికి పోతే ప్రతి లాటుకూ టెస్ట్ సర్టిఫికెట్, హీట్ నంబరు (ఏ కరిగింపులో వచ్చిన స్టీలో చెప్పేది) అడగండి. రాడ్డు చివర ఆ నంబరు ఉందో లేదో చూడండి.

ఆయన రిటైరయ్యేలోపు పక్కన కూర్చుని మూడు డ్రాయింగులూ రాయించుకోండి. బయటికి ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ పని ఆగకూడదు.

కళ్యాణదుర్గం డీలర్
నేను మిషన్లు అమ్మేవాణ్ణి, రైతుకు దగ్గరగా ఉండేవాణ్ణి. మా వైపు మాట కూడా వినండి.

అక్టోబరులో చెట్టు పీకి చేలో వామి వేసి ఉంటుంది. ఆకాశం చూస్తే మబ్బు. మిషన్ పెట్టుకున్నాయన రోజుకు ఇన్ని చేలని మాట ఇచ్చి తిరుగుతుంటాడు. అప్పుడు షాఫ్టు విరిగితే ఆయన ఒక్కడి పనే కాదు, వెనక వరుసలో ఉన్న ప్రతి రైతు వామీ తడిసే ప్రమాదంలో పడుతుంది. తడిసిన కాయ నల్లబడితే ధర ఎంత పడుతుందో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మూడేళ్లు ఎండి ఒక ఏడు పంట వచ్చినవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

నేను ఇంకో తయారీదారు మిషన్లు కూడా అమ్మేవాణ్ణి. పేరు ఎందుకులెండి. వాళ్లు షాఫ్టులన్నీ బయటికి ఇచ్చి లేతులు అమ్మేశారు. సీజన్ మధ్యలో ఒక బ్లోయర్ షాఫ్టు అడిగితే 'లాటు వచ్చే వారం వస్తుంది' అన్నారు. రైతుకు వారం ఎక్కడిది? ఇక్కడే లోకల్‌గా తిప్పించి వేశాను. ఆ తర్వాత వాళ్ల మిషన్లు అమ్మడం మానేశాను.

మీ మిషన్ నేను అమ్మడానికి ఒకే కారణం. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే తెల్లారి బస్సులో షాఫ్టు పంపిస్తారు. ఆ లేత్ పోతే మీ మిషన్‌కూ పక్కవాడి మిషన్‌కూ తేడా ఏముంది చెప్పండి?

ధర్మవరం సీఎన్‌సీ
అన్నా, నేను పెనుకొండ వైపు ఒక విడిభాగాల కంపెనీలో ఆపరేటర్ని. కుర్రాళ్లు పోతున్నారన్నారు కదా, ఎందుకు పోతున్నామో చెప్పనీయండి. జీతం తేడా పెద్దగా లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ, కంపెనీ బస్సు, ఎనిమిది గంటల్లో షిఫ్టు అయిపోతుందన్న ధీమా. ఇంట్లో పెళ్లి చూపులకు కూడా అదే అడుగుతారు. ఈఎస్‌ఐ, పీఎఫ్ పెట్టి, సీజన్ ఓటీకి లెక్క రాసి ఇస్తే మీ దగ్గరే ఉండే కుర్రాళ్లు ఉన్నారు. అక్కడ మేము బటన్ నొక్కి ముక్క మారుస్తాం, అంతే. మీ పెద్దాయన దగ్గర నిజమైన పని నేర్చుకోవచ్చు. నాకే మనసు లాగుతోంది.

పీన్యా పర్చేజ్
మాది తాడిపత్రి, ఉద్యోగం బెంగళూరులో. ఏ పార్టు లోపల చేయాలి, ఏది బయట కొనాలి అని తేల్చడమే నా పని. ఇప్పటిదాకా వచ్చిన మాటలన్నీ సరైనవే. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. అన్నా, సీజన్‌లో ఆర్డర్లు వెనక్కి పంపుతున్నారా? పంపితే ఎందుకు ఆగిపోతోంది పని?

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
పంపుతున్నాం. పోయిన సీజన్‌లో పది పన్నెండు దాకా వదులుకున్నాం. వెల్డింగ్ వాళ్లు చాసిస్‌లు సిద్ధం చేసి కూర్చునేవాళ్లు. ఆగింది షాఫ్టుల దగ్గరే. స్టీలు, బేరింగులు, పెయింటు, సీజన్ కూలీలు అన్నీ తీసేస్తే మిషన్‌కు 18,000 దాకా మిగులుతుంది.

పీన్యా పర్చేజ్
అదే విషయం. పన్నెండు మిషన్లు, మిషన్‌కు 18,000. మొత్తం 2,16,000. మీ తమ్ముడు 66,000 మిగులుతుందన్నాడు, అక్క 24,000 పోతుందని చూపించారు. రెండూ 'మొత్తం బయటికి ఇస్తే' అన్న లెక్క. మీకు కావాల్సింది అది కాదు. ఏడాదిలో పది నెలలు మీ లేతులు ఈ పనికి చాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లోనే చాలవు. ఆ రెండు నెలల్లో తక్కువయ్యే పాతిక ముప్ఫై సెట్లు బయట చేయించుకోండి. వాటికి 1,350 కాదు, పన్ను ఇరుక్కున్నా కలిపి 1,600 పడినా ఇవ్వొచ్చు. ఆ సెట్టు లేకపోతే పోయేది 18,000 కాబట్టి.

ఇంకో మూడు మాటలు. జూన్ వానలు చూడకుండా ఏ షాపుతోనూ 'ఏడాదికి ఇన్ని తీసుకుంటాను' అని సంతకం పెట్టకండి. మన జిల్లాలో వాన తప్పిందంటే వేరుశనగ విస్తీర్ణం పడిపోతుంది, మీ ఆర్డర్లూ పడిపోతాయి. రేటుకు మాత్రం ఏడాది ఒప్పందం చేసుకుని, సరుకు కొంచెం కొంచెంగా పిలుచుకునేలా రాసుకోండి. రెండోది, రిజెక్టయిన ముక్కకు స్టీలు ఖర్చు ఎవరిదో ముందే రాసుకోండి. 50 ఎంఎం రాడ్డు మీటరున్నర అంటే 23 కిలోలు. తిప్పుడు కూలి కంటే దాని విలువే ఎక్కువ. కూలి తగ్గించుకుని సరిపెడతామంటే ఒప్పుకోకండి. మూడోది, తిప్పగా వచ్చే రజను ఎవరిదో కూడా.

గుత్తి వెల్డింగ్
ఇంత చదివాక నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్క మాట. లేతుల మీద ఓనరు పెట్టే టైముకు ఎవరూ లెక్క కట్టలేదు. అన్న రోజులో సగం టర్నర్ల గొడవల్లోనే ఉంటే కొత్త డీలర్లను ఎప్పుడు కలుస్తాడు? మొత్తం ఇచ్చేయాలన్న తమ్ముడి మాటలో ఆ బాధ కూడా ఉండి ఉంటుంది.

పీన్యా పర్చేజ్
నిజం. కాకపోతే బయటికి ఇచ్చినా ఆ టైము పూర్తిగా మిగలదు. ఫాలో అప్, తనిఖీ, బండ్లు, బిల్లులు. మొదటి ఏడాది ఇంకా ఎక్కువే పడుతుంది.

ఆడిటర్ అక్క
కాగితాల వైపు మిగిలినవి చెప్పేస్తాను. మీ స్టీలు జాబ్ వర్క్‌కు పంపితే పన్ను లేకుండా డెలివరీ చలాన్ మీద పోతుంది, ఏడాదిలోపు తిరిగి రావాలి. దాటితే పంపిన రోజే అమ్మినట్టు లెక్కకట్టి వడ్డీతో సహా పన్ను అడుగుతారు. హిందూపురం మన రాష్ట్రమే కాబట్టి కొంత సులువు. బెంగళూరుకు పంపితే సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పనిసరి. మీరు స్ప్లైన్లు కోయించేది అక్కడే అయితే ఇప్పుడే సరిచూసుకోండి. టర్నోవర్ అయిదు కోట్ల లోపు ఉంటే ఐటీసీ-04 (జాబ్ వర్క్‌కు పంపిన సరుకు లెక్క చెప్పే ఫారం) ఏడాదికి ఒకసారి వేస్తే చాలు.

చెల్లింపుల సంగతి కూడా. ఆ షాపుకు సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే, ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటి, ఆ బాకీ మార్చి 31కి మిగిలిపోతే ఆ ఏడాది ఆ ఖర్చును ఆదాయపు పన్నులో చూపనివ్వరు, కట్టిన ఏడాదే చూపాలి. మీరు మార్చిలో చేయించుకుని సెప్టెంబరు అమ్మకాల తర్వాత ఇద్దామనుకుంటే కుదరదు. బ్యాంకు లిమిట్ ముందే చూసుకోండి.

రాప్తాడు ఫ్యాబ్రికేషన్
అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి తమ్ముడు, నేను, పెద్దాయన ముగ్గురం కూర్చుని ఇక్కడి మాటలన్నీ చదువుకున్నాం.

డ్రమ్ షాఫ్ట్ బయటికి పోదు. లేతులు రెండూ ఉంటాయి. బ్లోయర్, ఇన్‌పుట్ షాఫ్టులు 30 సెట్లు మాత్రం వచ్చే ఫిబ్రవరిలో బయట ఇస్తాం. ఆ రెండూ పొట్టివి, ఆగస్టులో మా లేతులు డ్రమ్ షాఫ్టులకే మిగులుతాయి. జాబ్ వర్క్‌కు ఒక రేటు, స్టీలుతో కలిపి ఒక రేటు, రెండూ రెండు షాపుల నుంచి అడుగుతున్నాం. తూమకుంట అన్నా, మీకు మెసేజ్ పెట్టాను.

పెద్దాయనకు ఇంకో రెండేళ్లు ఉండమని అడిగాం. పొద్దున పూట ఇద్దరు కుర్రాళ్లకు నేర్పడం, బయటి నుంచి వచ్చిన సరుకు తనిఖీ చేయడం ఆయన పని. బరువులెత్తే పని ఉండదు. కుర్రాళ్లకు పీఎఫ్, ఈఎస్‌ఐ ఈ నెల నుంచే కడుతున్నాం. ధర్మవరం తమ్ముడూ, ఊరికే అన్న మాట కాకపోతే ఒకసారి వచ్చి పెద్దాయన్ను కలువు.

డ్రాయింగులు మొదలుపెట్టాం. మాస్టారూ, మీరు చెప్పిన రేడియస్ గురించి అడిగితే ఆయన 'అది పెట్టకుండా ఎవడైనా తిప్పుతాడా' అన్నారు. ఎంత పెట్టాలో అంకె ఆయన దగ్గర లేదు. ఏం రాయమంటారు?

వర్క్‌షాప్ మాస్టారు
ఊహించి రాయకండి. ఆయన తిప్పిన షాఫ్టు, పగులు లేకుండా నాలుగైదు సీజన్లు నడిచింది ఒకటి డీలర్ల దగ్గర నుంచి తెప్పించండి. రేడియస్ గేజ్ పెట్టి కొలిచి ఆ అంకే రాయండి. బేరింగ్ మెట్టుకు ఆనాలి కాబట్టి బేరింగ్ లోపలి రింగ్ మూల కంటే అది చిన్నదిగా ఉందో లేదో కేటలాగులో చూసుకోండి. బేరింగ్ కొలతకు గో, నో-గో స్నాప్ గేజ్ (కొలత హద్దుల్లో ఉందో లేదో పెట్టి చూసేది) ఒకటి చేయించి షాపుకు మీరే ఇవ్వండి, అలాంటిదే ఇంకోటి మీ దగ్గర ఉంచుకోండి. ఇద్దరూ ఒకే గేజ్‌తో చూస్తే గొడవ రాదు.

కళ్యాణదుర్గం డీలర్
నాలుగు సీజన్లు నడిచిన మీ మిషన్ ఒకటి బెళుగుప్ప వైపు ఉంది. బేరింగులు మార్చడానికి ఎలాగూ డ్రమ్ము విప్పుతున్నాం. ఆదివారం షాఫ్టు బస్సులో వేసి పంపిస్తాను, కొలిచాక వెనక్కి పంపండి.